చూడవలసిన నమస్కారం

వీరదుర్గ మా మేడమీది గదిలో అద్దెకు దిగిన రోజు, వాళ్ళమ్మ తలుపులమ్మ నా చేతిలో ఎండు మెత్తళ్ళ చేపల పొట్లం పెట్టి, "మా పిల్ల నోట్లో నాలుక లేనిదండీ సత్యవాణిగారూ. పెద్దాళ్ళు కనపడితే దణ్ణం పెడద్ది, అంతే" అని అప్పగించి వెళ్ళింది. ఆ దణ్ణమే ఆ పిల్ల చదువుకి అడ్డం పడబోతోందని అప్పటికి మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

వాళ్ళది ఉప్పాడ. తండ్రి భీమరాజు సముద్రం మీద వేటకు వెళతాడు. తల్లి గంప నెత్తిన పెట్టుకుని పిఠాపురం వచ్చి, వీధులు తిరిగి చేపలు అమ్ముతుంది. బడి లేని రోజుల్లో పిల్లని కూడా వెంట తెచ్చేది. ఏ గుమ్మంలో ఎవరు కనపడినా పిల్ల రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, తల వంచాలి. మరిచిపోయిందంటే, సందు మలుపు తిరిగాక వీపు మీద ఒకటి పడేది. "నీ దణ్ణం చూసే సగం మంది బేరమాడకుండా కొంటారే" అనేదట తలుపులమ్మ. అలా మొదలైంది. ఇరవై ఏళ్ళు దాటినా, ఎదుట ఎవరైనా చేతులు జోడిస్తే చాలు, వీరదుర్గ తల దానంతటదే వంగిపోతుంది.

ఇంటర్ అయ్యాక రాజమండ్రిలో ఫిజియోథెరపీ సీటు వచ్చింది. ఆ చదువేమిటో వాళ్ళ వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. భీమరాజు మాత్రం ఒడ్డున పడవ దగ్గర "మా అమ్మాయి నొప్పుల డాక్టరు చదువుతుంది" అని చెప్పుకునేవాడు. హాస్టల్ తిండి పడక మూడో ఏడాదిలో మా ఇంటికి వచ్చింది. కంబాలచెరువు దగ్గర సందులో మాదొక పాత మేడ.

ఆ ఏడాదే కీళ్ళవాతం పాఠాలు మొదలయ్యాయి. ఆ పిల్ల పైకి చదువుతుంది. మేడమీద చదివితే కింద నా వంటింట్లోకి వినపడుతుంది. పోపు వేసుకుంటూ నేనూ కొంత నేర్చుకున్నాను. కీళ్ళు అరగడం వేరు, కీళ్ళవాతం వేరు. అరిగిన మోకాలు నడిస్తే నొప్పి, కూర్చుంటే హాయి. కీళ్ళవాతం అలా కాదు. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తే దారితప్పి, సొంత కీళ్ళ మీద పడుతుంది. సాధారణంగా రెండు చేతులకీ ఒకేలా వస్తుంది. రాత్రి పడుకుని పొద్దున్నే లేస్తే వేళ్ళు బిగుసుకుపోయి బ్రష్ కూడా పట్టుకోనివ్వవు. తొందరగా కనిపెట్టి మందు మొదలుపెడితే చేతులు దక్కుతాయి, ఆలస్యమైతే వంకర్లు తిరిగిన వేళ్ళు మళ్ళీ వెనక్కి రావు. ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల గొంతు తగ్గేది. పరీక్షకి వచ్చే ప్రశ్న చదివినట్టు ఉండేది కాదు, చెడ్డ కబురు చదివినట్టు ఉండేది.

ఇక వార్డులో జరిగిన సంగతి. మణికట్టు సరిగ్గా వంగుతోందో లేదో చూడడానికి రోగిని నమస్కారం పెట్టమంటారు. అరచేతులు రెండూ ఆనించి, మోచేతులు పక్కలకి ఎత్తాలి. అరచేతుల అడుగున సందు మిగిలినా, మోచేతులు లేవకపోయినా మణికట్టులో ఏదో ఉందన్నమాట. దీనికి యంత్రం అక్కర్లేదు, ఖర్చు అక్కర్లేదు. మన పిల్ల కొంప ముంచింది ఇదే.

మొదటి రోజు మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు.

"తాతగారూ, ఒకసారి దణ్ణం పెట్టండి."

"ఎవరికమ్మా?"

"నాకేనండి."

"నా మనవరాలంత లేవు. నీకు నేను దణ్ణం పెట్టాలా?"

చదువులో భాగమని నర్సు నచ్చచెప్పాక, ఆయన ముఖం చిట్లించుకుని చేతులు జోడించాడు. పెద్దాయన జోడించిన చేతులు కనపడగానే వీరదుర్గ కళ్ళు మూసుకుని తల వంచి, "నమస్కారమండి" అంది. కళ్ళు తెరిచేసరికి ఆయన చేతులు దుప్పటి కిందకి వెళ్ళిపోయాయి.

పక్కనే ఉన్న వాళ్ళ సారు శివరామకృష్ణగారు అడిగారు. "మణికట్టు ఎలా ఉందమ్మా?"

"చూడలేదు సార్."

"మరి ఇప్పుడేం చేశావ్?"

"తిరిగి పెట్టాను సార్."

వార్డు వార్డంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. ఆయన మెత్తబడి మళ్ళీ పెట్టాడు, ఈ పిల్ల మళ్ళీ వంగింది. ఆ వారమంతా అదే వరస. చివరికి సారు తల పట్టుకుని, "అమ్మా, నువ్వు పరీక్ష చెయ్యట్లేదు, పలకరింపులు చేస్తున్నావ్. ప్రాక్టికల్స్‌కి బయటి నుంచి ఎగ్జామినరు వస్తారు. ఆయన ముందు ఇలా కళ్ళు మూసుకుంటే నేనేం చెయ్యలేను" అన్నారు.

ఆ రాత్రి వీరదుర్గ అన్నం తినకుండా మెట్ల మీద కూర్చుంటే, నేను జరిగింది చెప్పించుకుని, నవ్వకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను. మర్నాటి నుంచి మా ఇంట్లో ప్రాక్టీసు. సాయంత్రం కాగానే మా ఆయనా నేనూ వరండాలో నిలబడి ఆ పిల్లకి నమస్కారాలు పెట్టేవాళ్ళం. ఆ పిల్ల తిరిగి పెట్టేది. మళ్ళీ పెట్టేవాళ్ళం. గేటు దగ్గర పాలవాడు రెండు రోజులు చూసి, "మేడమీద ఎవరైనా స్వాములారు దిగారా అమ్మా?" అని అడిగాడు.

మా చేతులు అయిపోయాక సందులోవాళ్ళ చేతుల మీద పడ్డాం. ఎదురింటి వెంకటరాజుగారు రిటైరైన హెడ్మాస్టరు, చదువుకునే పిల్లలంటే ఆయనకి అభిమానం. "నమస్కారం తరవాత చూద్దువుగాని, వేరే పరీక్ష ఏదైనా ఉంటే చెయ్యి" అని చెయ్యి చాపారు. వీరదుర్గ వేళ్ళ మొదళ్ళ దగ్గర పట్టుకుని నెమ్మదిగా నొక్కింది. ఆయన వేసిన కేకకి ఎలక్ట్రిక్ తీగ మీద కాకులు లేచిపోయాయి.

"సార్, మీరు వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలండి" అంది పిల్ల, మొహం పాలిపోయి. "ఆలస్యమైతే వేళ్ళు వంకర్లు తిరుగుతాయండి."

పాపం, ఆయన ఆ సాయంత్రమే ఆసుపత్రికి పరిగెత్తారు. బావమరిది తణుకు నుంచి కారు వేసుకుని వచ్చాడు. అన్ని పరీక్షలూ అయ్యాక తేలిందేమిటంటే, అంతకు ముందు రోజు గేటు సందులో చెయ్యి నలిగింది. గేటు బాగుచేయించమని భార్య ఏడాదిగా చెబుతోంది కనుక ఆ సంగతి ఆవిడ దగ్గర దాచారు. ఇప్పుడు ఆవిడకీ తెలిసింది, సందుకీ తెలిసింది. గేటు మర్నాడే బాగుపడింది. వీరదుర్గకి మాత్రం 'కీళ్ళ డాక్టరమ్మ' అని పేరు స్థిరపడింది. ఆ పిల్ల ఎదురొస్తే ఆడవాళ్ళు చేతులు కొంగులో దాచుకుని నవ్వేవారు.

సారు కూడా ఒకటే ప్రశ్న వేశారట. "రెండో చెయ్యి నొక్కావా?"

"లేదు సార్."

"నొక్కి ఉంటే ఆయనకి కారు ఖర్చు తప్పేది."

"ఇంక ఎవరికీ ఏమీ చెప్పనాంటీ" అని నాతో ఒట్టు పెట్టుకుంది.

ఇది ఇలా ఉండగా శ్రావణమాసం వచ్చింది. మా సందు చివర పెద్ద ఇల్లు శ్యామలాంబగారిది. భర్త చంద్రరావుగారికి తణుకు దగ్గర పొలాలున్నాయి. ఆవిడ ఇంట్లో వరలక్ష్మీ వ్రతమంటే సందులో ఆడవాళ్ళందరం వెళ్ళాల్సిందే. ఒకప్పుడు ఆవిడ కూర్చోబెట్టి మా అందరి కాళ్ళకీ తానే పసుపు రాసేవారు. పారాణి పెట్టినంత శ్రద్ధగా, వేళ్ళ సందుల్లోకి కూడా వెళ్ళేది ఆ పసుపు.

ఏడాది నుంచి ఆవిడ మారిపోయారు. పసుపు కోడలి చేత రాయిస్తారు. కుంకం భరిణె ముందుకు తోసి "పెట్టుకోండమ్మా" అంటారు. ఎవరైనా చేతులు జోడిస్తే కుడిచెయ్యి సగం ఎత్తి, తల ఊపి ఊరుకుంటారు. మా వైపు ఇది చిన్న విషయం కాదు. కూరలమ్మేవాణ్ణి కూడా 'అండీ' అనే ఊళ్ళో ఒంటిచేతి దణ్ణం పెట్టడమంటే మనిషిని గడప అవతల నిలబెట్టడమే.

ఆ శుక్రవారం నేను వీరదుర్గని కూడా తీసుకువెళ్ళాను. ఆ పిల్ల గుమ్మంలోనే అలవాటు ప్రకారం తల వంచి దణ్ణం పెట్టింది. శ్యామలాంబగారి కుడిచెయ్యి సగం లేచి ఆగింది. పిల్ల ఆ చేతి వంకే చూస్తూ నిలబడిపోయింది. నేనే మోచేత్తో పొడిచి లోపలికి నడిపించాను.

ఆ ఏడు వాయనం నాకు ఇస్తామని ముందే చెప్పారు. పళ్ళెం ఆవిడ చేతిలో, నా చేతిలో ఉండగా ఆవిడ "ఇస్తినమ్మ వాయనం" అనాలి, నేను "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి. నేను పట్టుచీర కొంగు చాపి సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ కూర్చున్న చోటు నుంచి కదలకుండా, "అదిగో సత్యవాణీ, బల్ల మీద ఉంది. తీసుకోమ్మా" అన్నారు.

చాపిన కొంగు ఏం చెయ్యాలో తెలియక, చెమట తుడుచుకుంటున్నట్టు మొహానికి అద్దుకున్నాను. నా వెనక మా పక్కింటి రత్తమ్మగారు మెల్లిగా, "తణుకులో ఇంకో పదెకరాలు కొన్నట్టున్నారు" అంది.

దారంతా నేను కుతకుత ఉడికిపోయాను. "చూశావటే ఆ పొగరు? బిచ్చం వేసినట్టు, బల్ల మీద పెట్టి తీసుకోమంటుందా?"

వీరదుర్గ అంది. "ఆవిడ కాఫీ గ్లాసు ఎలా పట్టుకున్నారో చూశారా ఆంటీ?"

"నా వాయనం గురించి నేను చెబుతుంటే కాఫీ గ్లాసేంటే?"

"రెండు అరచేతుల మధ్యా ఇరికించి పట్టుకున్నారాంటీ. వేళ్ళు పెట్టలేదు. మణికట్లు వాచినట్టున్నాయి. రెండూ."

"నీకు కనపడిన వాళ్ళందరికీ జబ్బే!"

ఆ రాత్రి మేడమీద నుంచి చదువు వినపడలేదు, అటూ ఇటూ నడక వినపడింది. పొద్దున్నే వచ్చి నా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"సారుకి ఫోన్ చేశానాంటీ. జబ్బు పేరు నేను పెట్టకూడదట. అనుమానం ఉంటే డాక్టరు దగ్గరికి పంపించడమే నా పనట. ఈసారి రెండు చేతులూ చూడమన్నారు."

"మరి వెళ్ళు."

"మళ్ళీ గేటు సందే అయితే?"

"అయితే ఇంకోసారి నవ్వుతారు."

"కాకపోతే ఆవిడ చేతులు పోతాయాంటీ" అంది, నా వంక చూడకుండా.

ఆ మాట తరవాత నా వాయనం కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. పొయ్యి కట్టేసి చెప్పులు వేసుకున్నాను.

శ్యామలాంబగారు వరండాలో ఉయ్యాలబల్ల మీద ఉన్నారు. పక్కన ఖాళీ గ్లాసు. మమ్మల్ని చూసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పుకున్నారు.

"ఏంటమ్మా సత్యవాణీ, ఇంత పొద్దున్నే?"

"ఈ పిల్లకి ప్రాక్టికల్స్ అండీ వదినగారూ. చేతులు చూడ్డం నేర్చుకోవాలట. సందులో ఎవరూ చెయ్యి ఇవ్వడం లేదు."

ఆవిడ పిల్లని ఎగాదిగా చూశారు. "వెంకటరాజుగారి చెయ్యి నొక్కింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఆయన కేక మా పెరట్లోకి వినపడింది."

"ఈసారి నొక్కనండి పెద్దమ్మగారూ. చూస్తానంతే."

ఆవిడ కాలు ఆనించి ఉయ్యాల ఆపారు. "కూర్చో. నొక్కావంటే ఊరుకోను."

వీరదుర్గ ఎదురుగా బల్ల మీద కూర్చుంది. "పొద్దున్న లేవగానే చేతులు ఎలా ఉంటాయండి?"

"ఎలా ఉంటాయి? చేతుల్లాగే ఉంటాయి."

"కాఫీ మీరే కలుపుకుంటారా అండి?"

"కోడలు కలుపుతుంది."

"జడ?"

"కోడలు."

"జాకెట్టు హుక్కులండి?"

ఆవిడ లోపలి గదిలోకి ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించి, "హుక్కులు తీయించేసి నొక్కుడు బటన్లు కుట్టించుకున్నాను. అవీ ఎండ ఎక్కితేగాని పడవు. ఈ సంగతి బయట అన్నావంటే చంపేస్తాను" అన్నారు. బయట అనొద్దన్నది పిల్లతో, చూసింది నా వంక.

"అననండి. ఒకసారి దణ్ణం పెట్టండి పెద్దమ్మగారూ."

"నీకా?"

"నాకు కాదండి, పరీక్షకండి. నేను తిరిగి పెట్టనండి, తప్పుగా అనుకోకండి. పెడితే నాకు చూడ్డం కుదరదు." ఇంతా చెప్పి, ఆ పిల్ల తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

శ్యామలాంబగారు కొంగు తీశారు. చేతులు దగ్గరికి తెచ్చారు. వేళ్ళ కొసలు తగిలాయి. అరచేతుల అడుగున నిమ్మకాయ పట్టేంత సందు అలాగే ఉండిపోయింది. మోచేతులు పక్కలకి అతుక్కుపోయాయి, ఎంత ప్రయత్నించినా లేవలేదు. రెండు మణికట్లూ, రెండు చేతుల వేళ్ళ మొదళ్ళూ ఒకేలా పొంగి ఉన్నాయి. ఆవిడ ముక్కు మీద చెమట పట్టింది.

ఎదురుగా పెద్దావిడ చేతులు జోడించి కూర్చుంటే, వీరదుర్గ భుజాలు పైకి ఎగబాకుతున్నాయి. కింద నొక్కిపెట్టిన చేతులు బయటికి రావడానికి పెనుగులాడుతున్నట్టు నాకు కనపడుతూనే ఉంది. ఆ పిల్ల మాత్రం తల వంచలేదు. రెప్ప వేస్తే ఏం తప్పిపోతుందోనన్నట్టు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగినా అలాగే చూసింది.

"చాలా?" అన్నారు ఆవిడ.

"చాలండి."

ఆవిడ చేతులు దించి, నా వైపు తిరిగారు. "మాఘమాసంలో మా ఆడపడుచుకి వాయనం ఇస్తుంటే పళ్ళెం జారిపోయింది. వాయనం కిందపడితే ఇంటికేం కీడు వస్తుందోనని ఆవిడ ఎన్నాళ్ళు బెంగపడిందో. అందుకే నీకు బల్ల మీద పెట్టాను. నీకెందుకమ్మా ఆ బెంగ?"

"మేమంతా పొగరనుకుంటున్నామండీ వదినగారూ" అన్నాను.

"అలా అనుకోవాలనే. పొగరంటే ఎవరూ జాలిపడరు."

వీరదుర్గ బల్ల దిగి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఇదేంటో పేరు నేను చెప్పకూడదండి. నా చదువు అంతదాకా రాలేదు. మా సారు ఒక కీళ్ళ డాక్టరుగారి దగ్గరికి పంపిస్తానన్నారు. ఈ వారమే వెళ్ళాలండి. ఏమీ లేదని తేలితే మీరూ నన్ను చూసి నవ్వుకోండి. ఉంటే మాత్రం, ఆలస్యం చేస్తే వేళ్ళు వెనక్కి రావండి."

"డాక్టరు దగ్గరికి వెళితే సందంతా తెలుస్తుంది."

"ఇప్పుడు మాత్రం సందులో మీ పేరు ఏమంత బాగుందండీ?" అన్నాను నేను.

ఆవిడ నన్ను ఉరిమి చూశారు. తరవాత నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వు విని లోపల్నుంచి కోడలు పరిగెత్తుకొచ్చింది. ఈ మధ్య ఆ ఇంట్లో అది అంత అరుదన్నమాట.

వెళ్ళారు. చంద్రరావుగారే దగ్గరుండి తీసుకువెళ్ళారు. రక్తపరీక్షలూ, ఎక్స్‌రేలూ అయ్యాయి. కీళ్ళవాతమే. ఎముక ఇంకా పెద్దగా దెబ్బతినలేదనీ, ఇంకో ఏడాది ఇలాగే దాచుకుని ఉంటే మాట వేరుగా ఉండేదనీ డాక్టరుగారు అన్నారట. ఎడమచేతి చిటికెన వేలు మాత్రం అప్పటికే కొంచెం వంగింది. అది ఇక సరికాదు. ఆ మాట విని ఇంటికొచ్చాక వీరదుర్గ ఆ వేలు గురించే ఏడ్చింది. మిగిలినవి దక్కాయి కదే అంటే, "శ్రావణమాసం దాకా నేను ఈ సందులో తల వంచుకునే తిరిగానాంటీ, ఆవిడ చేతులు చూడనేలేదు" అంది.

వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర రాశారు. శ్యామలాంబగారు దానికి శుక్రవారం కేటాయించారు. దీపం పెట్టి, మాత్ర వేసుకుని, మొహం చిట్లించుకుని కూర్చునేవారు. సాయంత్రాలు వీరదుర్గ వెళ్ళి వేడినీళ్ళలో చేతులు పెట్టించి, వేళ్ళ కసరత్తులు చేయించేది. ఆవిడ తిట్టేవారు, ఆ పిల్ల "సరేనండి, ఇంకొక్కసారండి" అనేది. కొన్ని నెలలకి వాపులు తగ్గాయి. ప్రాక్టికల్స్‌లో ఎగ్జామినరు ముందు ఏప్రాన్ జేబుల్లో చేతులు కూరుకుని గట్టెక్కానని చెప్పింది. అంతా అయిపోయి గదిలోంచి బయటికొచ్చేటప్పుడు రోగికీ, ఎగ్జామినరుకీ, గుమ్మం దగ్గర అటెండరుకీ కలిపి నమస్కారాల బాకీలన్నీ ఒకేసారి తీర్చేసిందట.

శ్యామలాంబగారికి దాచే పని తప్పాక చెప్పే పని పట్టుకుంది. ఎవరు కనపడినా తన జబ్బు సంగతి మొదటి నుంచీ చెబుతారు. "పొగరే నయం, తొందరగా ఇంటికెళ్ళేవాళ్ళం" అంటుంది రత్తమ్మగారు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. ఈసారి కూడా వాయనం నాకే అన్నారు. కొంగు చాపాలా వద్దా అని సందేహిస్తుంటే, ఆవిడ లేచి నిలబడి పళ్ళెం రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. పళ్ళెం కొద్దిగా వణికింది. అంచున ఉన్న శనగలు కొన్ని నేల మీద రాలాయి. గదిలో ఆడవాళ్ళందరి చేతులూ ముందుకు లేచాయిగానీ ఎవరూ తాకలేదు.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నాను.

పళ్ళెం నా చేతికొచ్చాక ఆవిడ గుమ్మం దగ్గర నిలబడ్డ వీరదుర్గ వైపు తిరిగారు. అరచేతులు దగ్గరికి తెచ్చి, నెమ్మదిగా మోచేతులు పక్కలకి ఎత్తారు. పూర్తిగా లేవలేదు గానీ లేచాయి. అడుగున సందు ఇంకా కొంచెం ఉన్నట్టే నాకు అనిపించింది. ఎంత ఉందో చెప్పాల్సిన పిల్ల, కళ్ళు మూసుకుని, తల వంచి, రెండు చేతులూ జోడించేసింది.

"చూడకుండా దణ్ణం పెడతావేంటే?" అన్నారు శ్యామలాంబగారు, మోచేతులు దించకుండానే. "ముందు చూడు. నాకు నొప్పెడుతోంది."